గిబియోను కొలను దగ్గర ఆట

ధ్యాన భాగములు: 2 సమూయేలు 2:12–32, 2 సమూయేలు 21:8–14, ఎస్తేరు 2, 4 అధ్యాయములు

జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల ఊళ్లలో ఉన్నవారికీ, బతుకుదెరువుకు హైదరాబాదో గల్ఫో వెళ్లి అక్కడి నుంచి ఈ పేజీ చదువుతున్న మన సంఘ బిడ్డలకూ ఈ మాటలు రాస్తున్నాం.

ఈ వారం కోత పండుగ గురించి రాస్తామని చెప్పాం. దాన్ని వచ్చే వారానికి పెట్టుకుందాం. పాస్టర్ల గ్రూపుల్లో తిరిగీ తిరిగీ ఒక వాయిస్ మెసేజ్ మన సంఘం ఫోన్లలోకి కూడా వచ్చింది. ‘హంగర్ గేమ్స్’ అనే ఇంగ్లీషు నవల యౌవనస్థుల చేతుల్లో కనబడితే గుంజుకొని పొయ్యిలో పెట్టండి, అది సాతాను పుస్తకం, పిల్లలకు చంపడం నేర్పుతుంది అని దాని సారాంశం. చెప్పిన దైవసేవకుడి పేరు మాకు అక్కర్లేదు. ఆయన మనసు మంచిదే అయి ఉంటుంది. కానీ ఆ మెసేజ్ విని ముగ్గురు నలుగురు తల్లులు మాకు ఫోన్ చేశారు. “అయ్యగారూ, మా పిల్ల గురుకులం లైబ్రరీ నుంచి తెచ్చుకుంది, సగం చదివింది, ఏం చేయమంటారు?” అని.

పొయ్యిలో పెట్టొద్దమ్మా అన్నాం. అట్లని చేతికిచ్చి ఊరుకోవద్దని కూడా అన్నాం. ఫోన్‌లో అంతకంటే చెప్పడం కుదరలేదు. ఇక్కడ వివరంగా రాస్తున్నాం. కొంచెం పొడవవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ పుస్తకం సంగతి. సుజాన్ కాలిన్స్ అనే అమెరికా రచయిత్రి 2008లో దీన్ని అచ్చు వేయించారు. 2009లో, 2010లో దాని కొనసాగింపులు రెండు వచ్చాయి. 2012 నుంచి సినిమాలు కూడా వచ్చాయి, మన పిల్లల్లో చాలామంది ముందు చూసింది వాటినే. కథ ముందుముందెప్పుడో జరుగుతుంది. పనెం అనే దేశం, దానికి క్యాపిటల్ అనే రాజధాని, దాని కింద కష్టపడే 12 జిల్లాలు. ఒకప్పుడు జిల్లాలు తిరగబడ్డాయి, ఓడిపోయాయి. శిక్షగా ప్రతి యేటా ప్రతి జిల్లా ఒక అబ్బాయినీ ఒక అమ్మాయినీ పంపాలి. 12 నుంచి 18 ఏళ్ల పిల్లల పేర్లు చీటీలు వేసి తీస్తారు. ఆ 24 మందిని ఒక ఆవరణలో వదిలేస్తారు, ఒక్కరు మిగిలేదాకా ఒకరినొకరు చంపుకోవాలి. దేశమంతా దాన్ని టీవీలో చూడాలి. చీటీలు తీసే రోజుకు ఆ నవలలో పేరు ‘కోత’. కథానాయిక కాట్నిస్‌కు 16 ఏళ్లు. చీటీలో ఆమె 12 ఏళ్ల చెల్లెలు ప్రిమ్ పేరు వస్తుంది. అక్క ముందుకొచ్చి, చెల్లి బదులు నేను పోతానంటుంది.

వింటేనే కడుపులో దేవినట్టవుతుంది కదా. అట్లాగే కావాలి. చదివినప్పుడు మాకూ అయింది. ఒకటి రెండుచోట్ల పుస్తకం మూసి పక్కన పెట్టాం.

అయితే మూసి పక్కన పెట్టి మన వాక్యగ్రంథం తెరిస్తే ఏం కనబడుతుంది? రెండవ సమూయేలు రెండో అధ్యాయం తీయండి. సౌలు చనిపోయాడు. దావీదు హెబ్రోనులో రాజు, అవతల సౌలు కొడుకు ఇష్బోషెతు రాజు. ఇద్దరి సేనాధిపతులు గిబియోను కొలనుకు ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు కూర్చున్నారు. కూర్చొని అబ్నేరు ఒక మాటంటాడు: మన యౌవనులు లేచి మన ఎదుట ఆడుదురు గాక అన్న అర్థంలో. యోవాబు సరేనంటాడు. ఈ వైపు 12 మంది, ఆ వైపు 12 మంది. ఒక్కొక్కడు ఎదుటివాడి తల పట్టుకొని పక్కలో కత్తి పొడిచాడు, అందరూ కలిసి కూలారు.

12, 12. మొత్తం 24 మంది. నవల రాసినావిడ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో మనం చెప్పలేం, అది మన వాదన కూడా కాదు. మన వాదన ఏమిటంటే, పిల్లలు చావడాన్ని ‘ఆట’ అని పిలిచిన పెద్దలు ఆ నవల కంటే దాదాపు మూడు వేల ఏళ్ల ముందే మన బైబిలులో ఉన్నారు. అక్కడ అబ్నేరు వాడిన హెబ్రీ మాట కూడా ఆటపాటల మాటే. గుడ్డివాడైన సమ్సోనును ఫిలిష్తీయులు వినోదం కోసం గుళ్లోకి పిలిపించినప్పుడూ అదే ధాతువు. ఆ 24 మంది పేర్లు ఒక్కటీ గ్రంథంలో లేవు. ఆటకు పిలిచిన ఇద్దరు పెద్దమనుషుల పేర్లు మాత్రం ఉన్నాయి. ఆ రోజు సాయంత్రానికి దావీదు వైపు అశాహేలు కాక 19 మంది, అవతలివైపు 360 మంది చచ్చారు. అప్పుడు అదే అబ్నేరు గుట్టమీద నిలబడి, ఈ కత్తి ఎప్పటికీ తింటూనే ఉండాలా అని యోవాబును అడుగుతాడు. పొద్దున ఆట మొదలుపెట్టమన్నది ఎవరయ్యా?

ఈ అధ్యాయం మీద మన ప్రాంతంలో ఎన్ని ప్రసంగాలు విన్నారు? అశాహేలు జింకలా పరిగెత్తాడని యూత్ మీటింగుల్లో చెబుతాం. ఆ 24 మంది దగ్గర ఎవరమూ ఆగం. హింస ఉందని ఒక పుస్తకాన్ని కాల్చేవాళ్లు ముందు ఈ అధ్యాయాన్ని ఏం చేస్తారో చెప్పాలి. న్యాయాధిపతులు 19ని ఏం చేస్తారు? యెఫ్తా కూతురిని? బేత్లెహేము పసిపిల్లలను? క్రిస్మస్ నాటకంలో హేరోదు వేషం కట్టి మీసం మెలేసే కుర్రాడికి మనమే చప్పట్లు కొడతాం.

రక్తం ఉందా లేదా అన్నది తేల్చవలసిన ప్రశ్న కాదు. రక్తాన్ని ఎవరి కళ్లతో చూపిస్తున్నారు అన్నది తేల్చాలి.

ఇంకో మాట. అది పరాయి దేశపు కథ, మనకెందుకు అని మెసేజ్‌లో ఉంది. భూపాలపల్లిలో ఉండి ఈ మాట ఎట్లా అనగలం? కాట్నిస్‌ది 12వ జిల్లా. ఆ జిల్లా పని బొగ్గు తవ్వడం. వాళ్ల నాయన బొగ్గుబాయిలో పేలుడులో పోయాడు, అప్పటికి ఆమెకు 11 ఏళ్లు. పాతిపెట్టడానికి శరీరం కూడా మిగల్లేదు. తవ్విన బొగ్గంతా రాజధానికి, తవ్వినోళ్ల ఇళ్లలో దీపం వెలిగితే వెలిగినట్టు. మన సంఘంలో కాకతీయ ఖని బాయిల్లో దిగేవాళ్లు ఉన్నారు. ఫస్ట్ షిఫ్టుకు చీకట్లో బయల్దేరిన మనిషి ఇంటికి వచ్చేదాకా ఆ ఇల్లాలు ఏం ప్రార్థన చేస్తుందో మాకు తెలుసు. 2003లో గోదావరిఖనిలో గనిలోకి నీళ్లు ముంచుకొచ్చి 17 మంది పోయినప్పుడు ఈ ప్రాంతంలో బాయి పని ఉన్న ఏ ఇంట్లో పొయ్యి వెలిగింది? చెల్పూరులో 500, 600 మెగావాట్ల యూనిట్లు తిరుగుతున్నాయి, ఆ కరెంటు ఎక్కడెక్కడికో పోతుంది. బాయి పనిచేసే తండ్రి ఉన్న పిల్ల ఆ నవల మొదటి అధ్యాయం చదివితే అది ఆమెకు అమెరికా కథలా ఉండదు.

జనగామ వైపు వారికైతే ఇంకా దగ్గర. ఇంటికొక మనిషిని పంపడం అనే మాట మన తాతలకు కొత్త కాదు. వెట్టి అంటే అదే కదా. అప్పటి జనగామ తాలూకాలో దేశ్‌ముఖుల గడీలకు మన వాడల నుంచి ఇంటికొకరు చొప్పున పోవలసిందేనని పుచ్చలపల్లి సుందరయ్య తన తెలంగాణ పోరాట గ్రంథంలో రాశారు. దొర బిడ్డ పెళ్లయి అత్తగారింటికి పోతే వెంట బానిసగా ఒక ఆడపిల్లను పంపేవాళ్లు, ఆమెను ఆడబాప అన్నారు. మా పిల్లను తీసుకోకండి అనే హక్కు ఆ తల్లికి లేదు. పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ తన చేను కోతకొచ్చినప్పుడు విసునూరు దొర మనుషులకు గింజ ఇవ్వనన్నది. కడవెండిలో 1946 జులై 4న దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య పడిపోయాడు, అతనికి ఇరవై కూడా నిండలేదు. ఇవి మన పొలిమేరల్లో జరిగినవి. నవలలో ఇంకో ఏర్పాటు ఉంది: పేదింటి పిల్లలు ఒక మనిషికి సరిపడా ఏడాది గింజలూ నూనే కావాలంటే చీటీల డబ్బాలో తమ పేరు ఇంకోసారి వేయించుకోవాలి. కాట్నిస్ పేరు ఆ రోజుకు 20 సార్లు ఉంటుంది, ఆమె స్నేహితుడు గేల్‌ది 42 సార్లు. ఆకలి ఎక్కువున్న ఇంటి పిల్లకు చావు దగ్గర. ఇంత సూటిగా ఆకలి లెక్క చెప్పిన ప్రసంగం మేము ఈమధ్య వినలేదు. మేము చెప్పినవాటిలో కూడా లేదు.

సాతాను పుస్తకం అన్న మాటకు వద్దాం. ఇది మనవాళ్లు కనిపెట్టింది కాదు, అక్కడి నుంచి దిగుమతి అయింది. అమెరికా గ్రంథాలయ సంఘం ఏటా ప్రకటించే, ఎక్కువ అభ్యంతరాలు వచ్చిన పుస్తకాల జాబితాలో ఇది 2010లో, 2011లో, 2013లో ఉంది. 2011 కారణాల్లో సాతాను సంబంధం అన్నది కూడా ఒకటి. చదివినవాళ్లకు తెలుసు, ఆ పుస్తకంలో సాతాను లేడు. దేవుడూ లేడు. మా అసలు బాధ ఆ రెండోది.

మొత్తం నవలలో ఒక ప్రార్థన లేదు. చీటీ తీసేముందు ఏ తల్లీ కళ్లు మూసుకోదు. చనిపోయిన పిల్లల మీద ఎవరూ ఒక కీర్తన పాడరు. బొగ్గుబాయి ఊరు, ఆకలి, చావు, కానీ ఒక్క గుడి గంట గానీ, దేవుడా అన్న ఒక్క కేక గానీ వినపడదు. మన ఊళ్లలో దేవుణ్ణి తిట్టేవాడు కూడా దేవుడా అనే తిడతాడు. ఆ నిశ్శబ్దం మాకు హింస కంటే ఎక్కువ భయం కలిగించింది.

అప్పుడు ఎస్తేరు గ్రంథం గుర్తొచ్చింది. హెబ్రీ ఎస్తేరులోనూ దేవుని పేరు ఒక్కసారి కూడా లేదు. రెండో అధ్యాయం మళ్లీ చదవండి, ఈసారి సండే స్కూల్ బొమ్మల్లో ఉన్న అందాల పోటీలాగా కాదు. రాజు ఆజ్ఞతో సంస్థానాలన్నిటి నుంచి కన్యకలను పోగు చేశారు. ఆ పిల్లలను ఎవరూ ఇష్టమా అని అడగలేదు. 12 నెలలు వాళ్లకు నూనెలు, పరిమళాలు పూసి తయారుచేశారు. నవలలో కూడా చావుకు పంపేముందు పిల్లలకు స్నానం చేయించి, బట్టలు కుట్టించి, రథాల మీద ఊరేగిస్తారు. తల్లీ తండ్రీ లేని యూదుల పిల్ల అక్కడికి చేరింది. తేడా ఎక్కడొస్తుందంటే నాలుగో అధ్యాయంలో. ఎస్తేరు మూడు రోజులు ఉపవాసం ఉంటుంది, తన జనులందరినీ ఉండమంటుంది. కాట్నిస్‌కు ఆకలి తెలుసు, ఎస్తేరుకు ఉపవాసం తెలుసు. ఒకటి మీదపడేది, ఒకటి ఎంచుకొనేది. మన పిల్లలకు ఆ పుస్తకం చదివాక మాట్లాడవలసిన మొదటి సంగతి ఇదే అని మేము అనుకుంటున్నాం. ఎస్తేరు ముగింపులో కూడా 75,000 మంది చచ్చారన్నది కూడా దాయకుండా చెప్పాలి. పిల్లలు ఎలాగూ చదువుతారు.

ఇంతవరకు పుస్తకం పక్షాన మాట్లాడాం. ఇప్పుడు దాని మీద మా ఫిర్యాదు.

అగస్టీను తన ఒప్పుకోలు గ్రంథం ఆరో భాగంలో స్నేహితుడు అలిపియుస్ గురించి రాశాడు. అలిపియుస్ రోమాలో న్యాయశాస్త్రం చదువుకొనే కుర్రాడు. మనుషులు కత్తులతో చంపుకొనే ఆటలంటే అసహ్యం. తోటి విద్యార్థులు బలవంతంగా లాక్కుపోయారు. శరీరాన్ని తీసుకుపోతారేమో, నా కళ్లను తీసుకుపోలేరు అన్న ధీమాతో కళ్లు గట్టిగా మూసుకొని కూర్చున్నాడు. చెవులు మూసుకోలేదు. ఎవడో పడ్డాడు, జనం ఒక్కసారి అరిచారు. కళ్లు తెరిచాడు. అంతే. ఇంటికి తిరిగి వెళ్లేటప్పటికి, ఇంకొకరిని పిలుచుకొని మళ్లీ వచ్చేవాడైపోయాడు.

ఈ నవలతో మాకు ఇబ్బంది అక్కడే. ఆ ఆటను అసహ్యించుకోమని రచయిత్రి చెబుతారు, నిజమే. కానీ చెప్పే తీరు ఎట్లాంటిదంటే, ప్రతి అధ్యాయం చివర ఇంక ఎవరు మిగిలారు అని మనం లెక్కపెడుతూ పేజీ తిప్పుతాం. రూ అనే 12 ఏళ్ల చిన్నపిల్లను బల్లెంతో పొడిచిన కుర్రాడి మెడలో కాట్నిస్ బాణం దిగినప్పుడు మన లోపల ‘భలే’ అనే గొంతు ఒకటి లేస్తుంది. ఆ కుర్రాడు కూడా ఎవరో తల్లి కన్నబిడ్డే, వాడినీ పెద్దలే అక్కడికి పంపారు. చదివేవాడు క్యాపిటల్ జనం పక్కన, అదే గ్యాలరీలో కూర్చుంటాడు. చేతిలో పాప్‌కార్న్ ఒక్కటే తక్కువ. రచయిత్రికి ఇది తెలియదని కాదు, తెలిసే రాశారేమో. తెలిసి రాసినా కళ్లు తెరిచేది మన పిల్లే. సినిమాలో అయితే ఇంకా ఘోరం, అక్కడ ఆలోచించడానికి ఆగే వీలే లేదు. మూడో పుస్తకం చివర (చదవనివాళ్లు క్షమించాలి, ముగింపు చెప్పేస్తున్నాం) గెలిచినవాళ్లు క్యాపిటల్ పిల్లలతో ఇంకొక్కసారి ఆ ఆట ఆడించాలా అని ఓటు వేస్తారు. చెల్లిని పోగొట్టుకున్న కాట్నిస్ ఆడించాలనే వేస్తుంది. ఆమె మనసులో ఏముందో చదివినవాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. పీటా మాత్రం వద్దంటాడు. అతను రొట్టెలు చేసేవాళ్ల ఇంటి కొడుకు, ఒకప్పుడు దెబ్బలు తిని మరీ ఆమెకు మాడిన రొట్టె విసిరినవాడు. మమ్మల్ని అడిగితే ఆ మూడు పుస్తకాల్లో పెద్ద పాత్ర అతనిదే. పిల్లలు మాత్రం విల్లు పట్టుకున్న అమ్మాయి బొమ్మ ఉన్న టీషర్టే కొంటారు.

అలిపియుస్ తర్వాత మారి, తగాస్తెలో బిషపు అయ్యాడు. తెలెమాకు అనే సన్యాసి సంగతి కూడా థియోడొరెట్ తన సంఘచరిత్రలో రాశాడు. తూర్పు నుంచి రోమాకు వచ్చి, ఆట జరుగుతుంటే మధ్యలోకి దిగి ఆపబోయాడు. చూస్తున్న జనమే రాళ్లతో కొట్టి చంపారు. ఆ తర్వాత హొనోరియు చక్రవర్తి ఆ ఆటలు మాన్పించాడని ఆయన రాశాడు. గమనించండి, కొట్టింది కత్తి పట్టినవాళ్లు కాదు. టికెట్టు పాడైందని కోపం వచ్చినవాళ్లు.

ఇప్పుడు పొయ్యిలో పెట్టమన్న పెద్దలను ఒక మాట అడుగుతాం, కోపం తెచ్చుకోవద్దు. మీ ఇంట్లో రాత్రి కుటుంబ ప్రార్థన ఎన్నింటికి అయిపోతుంది? బిగ్‌బాస్ మొదలయ్యేలోపే కదా. తాళం వేసిన ఇంట్లో మనుషులను పెట్టి, వాళ్లు ఏడుస్తుంటే చూసి, వారం వారం ఒకరిని బయటకు గెంటడానికి ఓటు వేయడం 2017 నుంచి మన తెలుగు ఇళ్లలో నడుస్తోంది. అక్కడ ఎవరూ చావరు, నిజమే. పనెం అనే పేరు ఎక్కడిదో తెలుసా? జనం నోట్లో రొట్టె, కళ్ల ముందు ఆట పెడితే ఇంకేమీ అడగరన్న పాత రోమా మాటలోని ‘రొట్టె’ అది. పబ్‌జీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 100 మంది దిగుతారు, ఒక్కడు మిగలాలి, మిగిలినోడికి చికెన్ డిన్నర్. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఆపేదాకా సంఘ పెద్దల కొడుకులు కూడా చర్చి వెనక వేపచెట్టు కింద అదే పని. ఆ ఫోన్లను ఏ పొయ్యిలోనూ పెట్టలేదు, పెట్టమని మేమూ అనం. ఖరీదైనవి. పుస్తకం మాత్రం చవక, కాలుతుంది కూడా.

పుస్తకం చదివే పిల్ల మన దగ్గర అరుదు. ఆ ఒక్క పిల్లను దొంగను పట్టుకున్నట్టు పట్టుకుంటే రేపు ఆమె చదవడం మానదు, మనతో మాట్లాడటం మానుతుంది.

ఇంతకంటే కష్టమైన మాట ఇంకొకటి ఉంది. పిల్లలను పంపే కోత మన దగ్గర ఆగిపోయిందా? 2019 ఏప్రిల్‌లో మన రాష్ట్రంలో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో 20 మందికి పైగా పిల్లలు ప్రాణం తీసుకున్నారు. తర్వాత ఫెయిలైన అందరి పేపర్లు మళ్లీ చూశారు. పోయినవాళ్లు పోయారు. ర్యాంకు వచ్చిన పిల్ల ఫొటో ఫ్లెక్సీ మీద ఉంటుంది, రానివాళ్ల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. వెయ్యి మందిని హాస్టల్లో వేసి ఒక్కడు మిగిలేదాకా నడిపే ఆటకు ఫీజు కట్టి మరీ పంపుతున్నాం, పంపేముందు చర్చిలో నూనె రాసి ప్రార్థన చేయిస్తున్నాం. ఆ ప్రార్థన మేమే చేస్తున్నాం కనుక ఈ మాట మాకు కూడా తగులుతుంది. ఈ జిల్లాల అడవుల్లోకి కూడా ఒక తరం పిల్లలు పోయారు, కొందరు ఆదర్శంతో, కొందరు ఇంట్లో అన్నం లేక. అవతలి నుంచి తుపాకీ పట్టుకొని వచ్చినవాళ్లు కూడా పేదింటి పిల్లలే. రెండు వైపులా పేర్లున్న పెద్దలు కొలను గట్టున కూర్చున్నారు. నవలలో తిరుగుబాటు నాయకురాలు కాయిన్ కూడా కాట్నిస్‌ను మనిషిగా చూడదు, జెండాగా చూస్తుంది. ఆ సంగతి ఆ పిల్లకు అర్థమయ్యే ఘట్టం మేము మా యౌవనస్థులందరూ చదవాలని కోరుకుంటాం. ఏ జెండా పట్టుకోమని ఎవరు అడిగినా, ఆ జెండా మాదే అయినా సరే, ముందు ఒక ప్రశ్న అడగడం నేర్చుకుంటారు.

ఇక మా తోటి ప్రసంగీకుల్లో రెండో రకం వారున్నారు. వీరు కాల్చమనరు, వాడుకుంటారు. “కాట్నిస్ చెల్లి బదులు వెళ్లింది, యేసు మన బదులు వెళ్లాడు” అని ఒక ఉదాహరణ, హల్లెలూయా, అయిపోయింది. వినడానికి బాగుంటుంది. కానీ పౌలు రోమీయులకు రాసిన ఐదో అధ్యాయంలో సరిగ్గా ఈ పోలికనే పక్కకు పెడతాడు. మంచివాడి కోసం, ప్రియమైనవాడి కోసం చావడానికి ఎవరైనా తెగించవచ్చు, అది మనుషుల్లో ఉన్నదే. క్రీస్తు శత్రువుల కోసం చనిపోయాడు. కాట్నిస్ ప్రిమ్ కోసం వెళ్లింది, క్యాపిటల్ వాళ్ల పిల్ల కోసం వెళ్లలేదు. వెళ్లి బాణంతో గెలిచింది. మన ప్రభువు బాణం వేయలేదు. ఆమెను రక్షకురాలిగా చేయడం వాక్యానికీ అన్యాయం, ఆ పిల్లకూ అన్యాయం. ఆమె 16 ఏళ్ల పిల్ల, చెల్లిని ప్రేమించింది, తర్వాత జీవితాంతం రాత్రులు ఉలిక్కిపడి లేచింది. అంతవరకే చెప్పాలి.

మాకు ఆ పుస్తకంలో నిజంగా వాక్యం వినబడిన చోటు వేరే. రూ చనిపోయాక కాట్నిస్ పరిగెత్తి దాక్కోవాలి, అదే ఆట నియమం. ఆమె ఆగి, అడవి పూలు కోసుకొచ్చి ఆ చిన్నదాని గాయం మీద, ముఖం చుట్టూ, జడల్లో పెడుతుంది. కెమెరాలు చూస్తుండగా, శవాన్ని తీసుకుపోయే యంత్రం వచ్చేలోపు. ఇది చదివి రిస్పాను తలుచుకోకుండా ఎట్లా ఉండగలం? రెండవ సమూయేలు 21లో పెద్దల లెక్కలు సరిచేయడానికి సౌలు ఇంటి ఏడుగురిని కొండమీద ఉరితీశారు, అందులో ఇద్దరు రిస్పా కొడుకులు. ఆమె గోనెపట్ట బండమీద పరుచుకొని యవల కోత మొదలైనప్పటి నుంచి వాన కురిసేదాకా అక్కడే కూర్చుంది. పగలు పక్షులను, రాత్రి మృగాలను శవాల మీద వాలనివ్వలేదు. ఆమె ఒక్క మాట మాట్లాడినట్టు రాసి లేదు. చివరకు రాజు కదిలాడు, ఎముకలు పోగుచేయించి పాతిపెట్టించాడు. అప్పుడు దేవుడు దేశం కొరకైన విన్నపం ఆలకించాడని గ్రంథం చెబుతుంది, ఏడుగురిని వేలాడదీసినప్పుడు కాదు. ఈ మూడు జిల్లాల్లో శవం కోసం ఆస్పత్రి మార్చురీ దగ్గర, బాయి ముందర, పోలీసు ఠాణా ముందర కూర్చున్న తల్లులకు ఈ అధ్యాయం విప్పి చెప్పనక్కర్లేదు.

ఇక తల్లుల ప్రశ్నకు నేరుగా జవాబు. పన్నెండేళ్లలోపు పిల్లలకు ఈ పుస్తకం వద్దు, సినిమా అసలే వద్దు. తొమ్మిది, పది తరగతుల నుంచి చదవనివ్వండి, కానీ ఒంటరిగా కాదు. పిల్ల ఎంతవరకు చదివిందో అడగండి. ఎవరు చచ్చారు అని అడగొద్దు, వాళ్లను పంపింది ఎవరు అని అడగండి. నీకు ఎక్కడ ‘భలే’ అనిపించింది అని కూడా అడగండి, నిజం చెప్పినా తిట్టకండి. రాత్రి నిద్రపట్టని పిల్ల అయితే ఆపించండి, పుస్తకం ఎక్కడికీ పోదు.

వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటలకు యౌవనస్థుల కూడికలో రెండవ సమూయేలు రెండో అధ్యాయం, ఆ నవల మొదటి అధ్యాయం పక్కపక్కన పెట్టుకొని మాట్లాడుకుందాం. ఆ వాయిస్ మెసేజ్ పంపిన దైవసేవకుడు కూడా రావచ్చు, మైకు ఆయనకు ముందు ఇస్తాం. ఇంగ్లీషు రాని తల్లిదండ్రులు మొహమాటపడొద్దు, కథ మేము తెలుగులో చెబుతాం. బాయి షిఫ్టు ఉన్నవాళ్ల కోసం ఆదివారం ఆరాధన అయ్యాక అరగంట మళ్లీ కూర్చుంటాం. బైబిలు తెచ్చుకోండి.